హార్సిలీ కొండకు గుర్రం ఎక్కడిది?

పోయిన నెల రాయలసీమ ఇంటిపేర్ల మీద ఇచ్చిన జవాబులు చదివి, "మన సంగతి సరే, దొరల పేర్ల సంగతేంది?" అని చాలామంది రాశారు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె చుట్టుపక్కల ఇప్పటికీ జనం నోళ్ళలో నానుతున్న ఇంగ్లిష్ పేర్ల గురించే ఎక్కువ ఉత్తరాలు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. పొడుగాటి ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: హార్సిలీ హిల్స్‌కు గుర్రాల వల్లనే ఆ పేరొచ్చిందని మా బళ్ళో పిల్లోళ్ళు వాదిస్తా ఉన్నారు. కాదు, అది ఒక కలెక్టరు పేరని నేనంటే, "మరి కలెక్టరుకు గుర్రం పేరెందుకు టీచర్?" అంటారు. ఏం చెప్పాల?
– ఒక ఉపాధ్యాయిని, మదనపల్లె

జవాబు: మీ మాటా నిజమే, పిల్లల మాటా నిజమే. మధ్యలో ఒక ఊరు తప్పిపోయింది, అంతే.

ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యూ. డి. హార్స్లీ ఎండాకాలం ఉండడానికి అక్కడ బంగళా కట్టించుకున్నాక ఆయన పేరు పడింది. కడప కలెక్టరుకు మదనపల్లె దగ్గర ఏం పని అని పిల్లలు అడగొచ్చు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోదే. ఏనుగు దిగి గుర్రమెక్కింది కొండ, ఎవరూ అనుకొని చేయకపోయినా.

ఇక పేరు. హార్స్లీ అనేది ముందు ఊరి పేరు, తర్వాతే మనిషి పేరు. ఇంగ్లండులో ఆ పేరుతో ఒక ఊరు కాదు, చాలా ఉన్నాయి. డెర్బీషైర్‌లో ఒకటి, గ్లోస్టర్‌షైర్‌లో ఒకటి, నార్తంబర్లండ్‌లో ఒకటి, సర్రేలో తూర్పు హార్స్లీ, పడమటి హార్స్లీ అని పక్కపక్కనే రెండు. పాత ఇంగ్లిష్‌లో 'హార్స్' గుర్రమే. 'లేయహ్' అంటే అడవి మధ్య చెట్లు లేని బయలు, కాలం గడిచాక పచ్చికబయలు. గుర్రాలు మేసే బయలు పక్కన వెలసిన ఊరన్నమాట. ఆ 'లేయహ్' అరిగి అరిగి ఇప్పుడు 'లీ' అయింది. షిప్లీ గొర్రెల బయలు, స్టాన్లీ రాళ్ళ బయలు, బ్రాడ్లీ వెడల్పాటి బయలు.

ఊరి పేరు మనిషికి ఎప్పుడు అంటుకుంటుందో పిల్లలకు చెప్పి చూడండి, వాళ్ళకు నచ్చుతుంది. ఊళ్ళో ఉన్నంతకాలం అంటుకోదు. హార్స్లీలో ఉన్నవాళ్ళందరూ హార్స్లీ వాళ్ళే కదా, ఆ మాటతో ఎవరినీ గుర్తుపట్టలేం. ఊరొదిలి ఇంకో ఊరు చేరాకే "ఆ హార్స్లీ జాన్" అవుతాడు. మన దగ్గరా అంతే. ఉప్పలదడియం నాగయ్యగారు చిత్తూరులో తిరిగినన్నాళ్ళు నాగయ్యే, సినిమాల్లోకి వెళ్ళాక చిత్తూరు నాగయ్య. తరిగొండ వదిలి తిరుమల చేరిన వెంగమాంబ తరిగొండ వెంగమాంబ. తాళ్ళపాక వారి విషయంలో ఇంకో మెట్టు కూడా ఎక్కింది. అన్నమయ్య తర్వాత కొడుకులు, మనవలు తిరుమలలోనే ఉన్నా తాళ్ళపాక వారుగానే నిలిచారు. ఇంగ్లండులో 1066లో నార్మన్లు వచ్చిన తర్వాత మొదలై, సుమారు 1400 నాటికి చాలా కుటుంబాల్లో జరిగింది ఇదే. ఒక మనిషి గుర్తు కాస్తా ఇంటి గుర్తు అయింది.

ఇందులో ఒక చిక్కుంది. ఇన్ని హార్స్లీలు ఉన్నప్పుడు హార్స్లీ అనే పేరున్న వాళ్ళందరూ ఒక ఇంటివాళ్ళు అయ్యే వీల్లేదు. మన కలెక్టరు పూర్వీకులది డెర్బీషైరా, సర్రేనా అనేది పేరును చూసి తేల్చలేం, వంశవృక్షం పట్టుకోవాలి. ఇంటిపేరు నిఘంటువు చెప్పేది పేరు పుట్టుకే, మనిషి పుట్టుక కాదు.

ప్రశ్న: మేం చదివింది మదనపల్లె బి.టి. కాలేజీలో. 'బి' అంటే బిసెంట్ అని తెలుసు, కానీ బిసెంట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఇంగ్లండులో పనిచేస్తున్న మా అబ్బాయి అక్కడ ఆ పేరున్న మనిషి ఒక్కరూ తగల్లేదంటాడు. అంత అరుదైన పేరా? మార్గరెట్ కజిన్స్ పేరులో కజిన్స్ అంటే చుట్టమనేనా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

జవాబు: అరుదే. స్మిత్, బ్రౌన్ లాగా వీధికొకరు దొరికే పేరు కాదు. అర్థం మాత్రం ఘనమైనది: బంగారు నాణెం.

ఇప్పటి ఇస్తాంబుల్ పాత పేరు బైజాంటియం. 330లో చక్రవర్తి కాన్‌స్టంటైన్ దాన్ని రాజధాని చేసుకున్నాడు. ఆయన మొదలుపెట్టిన బంగారు నాణెం ఒక రోమన్ పౌను బంగారానికి 72 లెక్కన ముద్రించేవాళ్ళు, అంటే ఒక్కోటి సుమారు నాలుగున్నర గ్రాములు. వందల ఏళ్ళు ఆ తూకం, ఆ మచ్చు పెద్దగా చెడకపోవడంతో యూరపంతా దాన్ని నమ్మింది. బైజాంటియం నుంచి వచ్చింది కాబట్టి లాటిన్‌లో 'బైజాంటియస్', ఫ్రెంచివాళ్ళ నోట్లో 'బెజాన్', ఇంగ్లండుకు వచ్చేసరికి 'బెజంట్'. ఇంటిపేరుగా బిసెంట్, బెజంట్, బీసంట్ అని రకరకాలుగా రాశారు.

ఆ నాణేనికి ఇంగ్లండులో అంత మోజు ఎందుకంటే, అక్కడ చాలాకాలం సొంత బంగారు నాణెం లేదు. చలామణీ అంతా వెండి పెన్నీలతోనే. 1257లో 3వ హెన్రీ బంగారు పెన్నీ వేయించాడు గాని అది నిలవలేదు. 1344లో 3వ ఎడ్వర్డ్ కాలంలో గాని బంగారు నాణేలు గట్టిగా మొదలుకాలేదు. అంతకు ముందు ఒక ఊళ్ళో ఒకడి దగ్గర బెజంట్లు ఉన్నాయంటే ఆ మాట ఊరంతా చెప్పుకొనేదే. అలాంటివాడికి పడిన పేరు ఇది. నాణేలు ముద్రించే పనివాడికి, డబ్బు వ్యవహారాలు చూసేవాడికి కూడా పడి ఉండొచ్చని పండితులు చెప్పే మాట. ఏమీ లేనివాడిని వేళాకోళంగా అలా పిలిచే ఆచారమూ ఆ కాలపు పేర్లలో ఉంది, కాబట్టి బిసెంట్ పూర్వీకుడు ధనవంతుడే అని ప్రమాణం చేయనక్కర్లేదు. మన కాసుల వారు, ముత్యాల వారు, బంగారు వారు అందరి ఇళ్ళలోనూ అవి మూటలు కట్టి ఉన్నాయా!

కుటుంబ చిహ్నంగా పెట్టుకునే డాళ్ళ మీద గుండ్రటి బంగారు బిళ్ళ కనిపిస్తే దాన్ని ఇప్పటికీ 'బెజంట్' అనే అంటారు. కానీ ఆ బిళ్ళ ఉన్న ప్రతి డాలూ బిసెంట్లది కాదు. చాలా కుటుంబాలు అలంకారం కోసం పెట్టుకున్నాయి.

మీ అబ్బాయికి ఇంకో విషయం చెప్పండి. మీ కాలేజీ పేరులో ఉన్న అనీ బిసెంట్‌కు అది అత్తింటి పేరు. 1847లో లండన్‌లో పుట్టినప్పుడు ఆమె అనీ వుడ్. 1867లో ఫ్రాంక్ బిసెంట్ అనే మతాచార్యుణ్ణి పెళ్ళాడింది. 1873లో విడిపోయారు, పేరు మాత్రం ఉంచుకుంది. ఇంగ్లిష్ స్త్రీల పేరు మూలం వెతికేవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. వుడ్ అంటే అడవి పక్కన ఇల్లున్నవాడు. దేశమంతా ఉన్న పేరు, దాని మీద ఒక్క కుటుంబాన్ని పట్టుకోవడం గగనం. బిసెంట్ అయితే అరుదు కాబట్టి పని సులువు. ఇంటిపేరు ఎంత అరుదైతే అంత తొందరగా దొరుకుతుంది.

1919లో టాగూర్ మదనపల్లెకు వచ్చి జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చినప్పుడు దాని స్వరం రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ పేరూ అడిగారు మీరు. కజిన్స్ అంటే మీరనుకున్నదే, చుట్టం. పాత ఫ్రెంచిలో 'కోజిన్' అంటే దగ్గరి బంధువు.

ప్రశ్న: మా ఆఫీసులో వాకర్ ఒకాయన, టక్కర్ ఒకాయన ఉన్నారు. ఇద్దరి పేర్లకూ అర్థం ఒకటేనని మూడో ఆయన అన్నాడు. ఆయన పేరు ఫుల్లర్. మమ్మల్ని ఆట పట్టిస్తున్నాడా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, శ్రీకాళహస్తి

జవాబు: నిజమే చెప్పాడు. ఆ మూడూ ఒక్క వృత్తికి మూడు ప్రాంతాల పేర్లు. వాకర్ ఉత్తరాన, టక్కర్ నైరుతి మూలన, ఫుల్లర్ దక్షిణాన, తూర్పున. వాకర్‌కు షికారుతో సంబంధం లేదు.

మీరు కాళహస్తి వారు కాబట్టి పని సంగతి చెబితే ఇట్టే అర్థమవుతుంది. కలంకారీకి గుడ్డను నేరుగా వాడరు కదా. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి దారి చేస్తేనే రంగు పట్టుకుంటుంది, పక్కకు పాకదు. ఉన్ని గుడ్డకూ అలాంటి ఒక మధ్య పని ఉంది. మగ్గం మీంచి దిగిన ఉన్ని గుడ్డ జల్లెడలాగా వదులుగా ఉంటుంది. వడికేటప్పుడు రాసిన నూనె, గొర్రె ఒంటి జిడ్డు అందులోనే ఉంటాయి. దాన్ని తొట్టిలో వేసి, నీళ్ళు, జిడ్డు పీల్చే ఒక రకం బంకమన్ను, మగ్గబెట్టిన మూత్రం పోసి, మనుషులు అందులో దిగి గంటల తరబడి కాళ్ళతో తొక్కేవాళ్ళు. మూత్రం ఎందుకంటే, మగ్గితే అందులో అమ్మోనియా పుట్టి జిడ్డును విడగొడుతుంది. తొక్కడం వల్ల ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకొని గుడ్డ ముడుచుకుంటుంది, దళసరి అవుతుంది, గాలీ వానా ఆపుతుంది. తక్కువ తొక్కితే సందులు మిగిలేవి. ఎక్కువ తొక్కితే గుడ్డ మరీ ముడుచుకుపోయి కొలత తగ్గేది. తర్వాత దాన్ని కడిగి, కొక్కేలున్న చట్రాలకు నలువైపులా బిగించి లాగి ఆరబెట్టేవాళ్ళు.

ఆ తొక్కేవాడే ఉత్తరాదిన 'వాకర్'. పాత ఇంగ్లిష్‌లో ఆ ధాతువుకు దొర్లించడం, అటూ ఇటూ తిప్పడం అనే అర్థం ఉండేది. టక్కర్‌కు మూలం 'టూకియన్', అంటే హింసించడం, లాగడం. గుడ్డ పడిన పాట్లు చూస్తే పేరు సరిపోయింది. 12వ శతాబ్దం చివరికల్లా నీటి చక్రంతో తిరిగే పెద్ద సుత్తులు ఈ పనిలోకి వచ్చాయి, మనుషులు తొక్కడం తగ్గింది, పేర్లు మాత్రం నిలిచాయి.

ఇలా మోసగించే పేర్లు ఇంకా ఉన్నాయి. కవర్డ్ అనే ఇంటిపేరు వింటే పిరికివాడు అనిపిస్తుంది. అది 'కౌ–హర్డ్', ఆవుల కాపరి. ఫార్మర్ అంటే రైతు కాదు, ఆ పేరు పుట్టిన రోజుల్లో శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవాడు, మన ఇజారాదారు. రామ్స్‌బాటమ్ అంటే నవ్వుతారు మన పిల్లలు. పేరు చివర 'బాటమ్' అంటే లోయ అడుగు, అంతే. రామ్స్‌బాటమ్ పాత లాంకషైర్‌లో ఒక ఊరు. మొదటి భాగం అడవి వెల్లుల్లా, పొట్టేలా అనే దాని మీదే వాదం. పేరును ఇవాళ్టి చెవితో విని అర్థం చెప్పకూడదు. ఎంత పాత కాగితంలో ఎలా రాశారో చూసి చెప్పాలి.

ప్రశ్న: మాది కాల్ సెంటర్. కొన్ని ఇంగ్లిష్ పేర్లు చదివితే అవతలివాళ్ళు నవ్వుతున్నారు. ఏవి జాగ్రత్తగా పలకాలి?
– రేణిగుంట

జవాబు: రాత ఒకటి, పలుకు ఒకటి ఉన్న పేర్లు పట్టుమని పది గుర్తుంటే చాలు. కాగితం మీద 'చోల్మొండెలీ' అని కనిపించేది 'చమ్లీ'. 'ఫెదర్‌స్టన్‌హా' అని రాసేది చాలాచోట్ల 'ఫాన్‌షా'. 'మెయిన్‌వేరింగ్' అనిపించేది 'మానరింగ్'. 'బోషాంప్' అని ఫ్రెంచి ఫక్కీలో ఉన్నది 'బీచమ్'. 'మార్జోరీబ్యాంక్స్' అనేది 'మార్చ్‌బ్యాంక్స్', ఇది స్కాట్లండు పేరు. మొదటి అక్షరం చిన్న 'ఎఫ్' రెండుసార్లు రాసి ఉంటే కంగారుపడొద్దు. పాత చేతిరాతలో పెద్ద 'ఎఫ్'కు బదులు అలా రాసేవాళ్ళు, కొన్ని కుటుంబాలు దాన్నే పట్టుకున్నాయి. పలకడం ఒక్క 'ఎఫ్' లాగే.

అనుమానం వస్తే అవతలి మనిషినే "మీ పేరు ఎలా పలకాలండీ?" అని అడగండి. ఈ పేర్లున్నవాళ్ళకు ఆ ప్రశ్న పుట్టినప్పటి నుంచి అలవాటే.

ప్రశ్న: మా వీధి చివర పాత తెల్లవాళ్ళ సమాధులున్నాయి. ఒక రాయి మీద పేరు సగం చెరిగింది, ఎక్కడా వినని పేరు. ఆ మనిషి ఎవరో, ఆ పేరు ఏ ఊరిదో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– చిత్తూరు

జవాబు: రాయి దగ్గరే మొదలుపెట్టండి, కంప్యూటరు దగ్గర కాదు. చెరిగిన అక్షరం ఒక్కటి తప్పు చదివితే తర్వాత నెలలు వృథా.

సాయంత్రం పొద్దు వాలాక వెళ్ళి, టార్చిలైటును రాతికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పట్టండి. లోతు తక్కువైన గీతల్లో కూడా నీడ పడి అక్షరం తేలుతుంది. ఫోను కదలకుండా పెట్టి, లైటును ఎడమ నుంచి, కుడి నుంచి, పైనుంచి పట్టి మూడు ఫోటోలు తీయండి. రాయి మురికిగా ఉంటే మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. తీగ బ్రష్షు, యాసిడ్, సబ్బు పొడి వద్దు. అక్షరాల్లో సుద్ద, పిండి రుద్దడమూ వద్దు, అవి రాతి రంధ్రాల్లో దిగి రాయిని తినేస్తాయి. చదివింది చదివినట్టే రాసుకోండి. తెలియని అక్షరం దగ్గర చుక్క పెట్టండి, ఊహించి పూరించకండి. పాత రాతల్లో పొడుగు 'ఎస్' అచ్చం 'ఎఫ్'లా కనిపిస్తుంది, 'ఐ'కీ 'జె'కీ తేడా ఉండకపోవచ్చు. 'రెలిక్ట్' అని ఉంటే ఆమె ఫలానా ఆయన వితంతువని అర్థం. 'హెచ్.ఇ.ఐ.సి.ఎస్.' అని ఉంటే ఈస్టిండియా కంపెనీ కొలువు, కాబట్టి ఎక్కువగా 1858కి ముందు మనిషి. 'ఎం.ఎన్.ఐ.' అంటే మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీ.

తర్వాత చర్చి లెక్కలు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్‌కు పంపేవాళ్ళు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. వాటి వరుస గుర్తులు: 'ఎన్–1' బెంగాల్, 'ఎన్–2' మద్రాసు, 'ఎన్–3' బొంబాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల మీద పనిచేసే ఫిబిస్ అనే సంఘం సూచికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకొచ్చు. ఇక్కడే మనవాళ్ళు పొరబడే చోటు. వెతుకుడు పెట్టెలో 'చిత్తూరు జిల్లా' అని కొడితే 1911కు ముందు ఏమీ రాదు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా, చిత్తూరే దానికి జిల్లా కేంద్రం. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లా. జిల్లా పేరు అలా పెట్టి, ఊరి పేరును కూడా పాత ఇంగ్లిష్ వర్ణక్రమాల్లో నాలుగైదు రకాలుగా వెతకండి.

మనిషి దొరికి, తండ్రి పేరో పుట్టిన ఊరో తెలిసిందనుకోండి. ఇక ఇంగ్లండు కాగితాలు. అక్కడ ప్రభుత్వ జనన మరణ నమోదు 1837 జూలై 1న మొదలైంది. మూడు నెలలకొక సూచిక ఉంటుంది, దాన్ని ఫ్రీబీఎండీ అనే చోట డబ్బు కట్టకుండా చూడొచ్చు. 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి జననాల సూచికలో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. జనాభా లెక్కల్లో పేర్లతో చూడదగ్గవి 1841 నుంచి 1921 దాకా. 1841 లెక్కల్లో 15 దాటినవాళ్ళ వయసును ఐదుకు కుదించి రాశారు, 34 ఏళ్ళవాడు 30గా కనిపిస్తాడు. పుట్టిన ఊరు కూడా ఉండదు, అదే జిల్లానా కాదా అన్నదే ఉంటుంది. అందుకే 1851 లెక్కలు మేలు, పుట్టిన పారిష్ (ఒక చర్చి కింది ఊరు) పేరు రాశారు. 1931 లెక్కల కోసం వెతకొద్దు, 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1837కు వెనక్కి వెళ్ళాలంటే పారిష్ రిజిస్టర్లు. వాటిని రాయమని ఆజ్ఞ ఇచ్చింది 1538లో. అంత పాతవి అన్ని ఊళ్ళలోనూ మిగల్లేదు.

పేరు మూలానికి ఇంకో దగ్గరి దారి 1881 జనాభా లెక్కలు. అరుదైన పేరైతే ఆ ఏడాది అది ఎన్ని జిల్లాల్లో ఉందో చూడండి. రైళ్ళు వచ్చి అప్పటికి యాభై ఏళ్ళయినా, అరుదైన పేర్లు చాలావరకు పుట్టినచోటే గుంపుగా ఉండేవి. సగానికి పైగా ఒకటి రెండు జిల్లాల్లోనే ఉంటే, ఆ జిల్లాల పాత పటాల్లో అలాంటి పల్లె పేరు, పొలం పేరు ఉందేమో వెతకండి. 1348–49 ప్లేగు మహమ్మారి తర్వాతి కాలంలో పాడుబడిన పల్లెలు బోలెడు. ఊరు పోయి ఇంటిపేరు మిగిలిన సందర్భాలు తక్కువేం కాదు. 1086లో నార్మన్ రాజు రాయించిన భూముల లెక్కల్లో, అంటే డూమ్స్‌డే లెక్కల్లో, ఆ ఊరు ఉంటే మీ పంట పండినట్టే. కానీ నార్మన్ రాయసగాళ్ళకు మొదట వచ్చే 'హెచ్' సరిగా వినపడేది కాదు, చాలాసార్లు వదిలేశారు. 'హెచ్'తో దొరకని పేరును 'ఓ'తోనో 'ఏ'తోనో చూడండి.

అర్థానికి 2016లో ఆక్స్‌ఫర్డ్ 4 సంపుటాలుగా వేసిన బ్రిటన్, ఐర్లండ్ ఇంటిపేర్ల నిఘంటువును నమ్మొచ్చు. పాత నిఘంటువుల్లో ధ్వనిని బట్టి చెప్పిన అర్థాలు ఎక్కువ. "మీ ఇంటిపేరు డాలు" అంటూ ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళ జోలికి మాత్రం పోకండి. ఇంగ్లండులో డాలు ఒక మనిషికి, అతని వారసులకు ఇచ్చేది. ఇంటిపేరుకు డాలు ఉండదు.

ప్రశ్న: తిరుమలలో మన్రో గంగాళం అంటారు కదా, మన్రో అంటే అర్థం ఏమిటి? అదీ ఊరి పేరేనా?
– అలిపిరి

జవాబు: నది పేరు అంటారు. మన్రో ఇంగ్లిష్ పేరే కాదు, స్కాట్లండుది. గంగాళానికి పేరిచ్చిన మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. గేలిక్ భాషలో ఆ వంశం వాళ్ళను 'రోహక్' అంటారు, ఐర్లండులోని రో నది దగ్గర నుంచి వచ్చినవాళ్ళు అని వంశ సంప్రదాయం. ఇంగ్లిష్ నిఘంటువులో వెతికితే దొరకనిది అందుకే. స్కాట్లండు, వేల్స్, కార్న్‌వాల్ పేర్లకు ఆ భాషల్లోకే వెళ్ళాలి. పావెల్ అంటే వెల్ష్‌లో 'ఆప్ హవెల్', హవెల్ కొడుకు. ప్రైస్ 'ఆప్ రీస్', రీస్ కొడుకు. ధరకూ దానికీ సంబంధం లేదు.

స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన కొండలను కూడా 'మన్రో'లంటారు. 1891లో వాటి జాబితా వేసిన హ్యూ మన్రో పేరు అది, మన దొర కాదు. ఆ లెక్కన హార్సిలీ కొండ అక్కడుంటే మన్రో అయ్యేది.

ప్రశ్న: మా పాప పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేశాం. మాది తమిళ పద్ధతి, తండ్రి పేరు ఇనీషియల్ తప్ప ఇంటిపేరు వాడం. ఇప్పుడు అమెరికా చదువుకు పోతానంటోంది. ఏమైనా ఇబ్బందా?
– నగరి

జవాబు: వీసా రాక ఆగదు, కానీ తర్వాత చికాకు ఉంటుంది. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మీ పాప పేరంతా సర్‌నేమ్‌లోకి పోతుంది, సొంత పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడ బ్యాంకులో, యూనివర్సిటీలో, డ్రైవింగ్ లైసెన్సులో ఆ మూడక్షరాలే పాప పేరైపోతాయి. ఎమిరేట్స్‌లో ఇంకా గట్టిగా ఉన్నారు. 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమన్నారు.

వీసాకు దరఖాస్తు చేయకముందే పాస్‌పోర్టు మార్పించండి. ఇంటిపేరు వాడకపోతే తండ్రి పేరును సర్‌నేమ్ గడిలో పెట్టించవచ్చు, ఇంగ్లిష్‌వాళ్ళ జాన్సన్, విల్సన్ కూడా ఒకప్పటి తండ్రి పేర్లే. ఇంటిపేరు వాడేవాళ్ళు మనలో చాలామంది చేసే తప్పు వేరు. ఇంటిపేరు ముందుంటుంది కదా అని, మొదటి గడిలో ఏ పేరు అడుగుతున్నారో చూడకుండా దాన్ని తీసుకెళ్ళి అక్కడ రాసేస్తారు, అన్నకొక రకంగా చెల్లికొక రకంగా పడుతుంది. గడి పేరు చదివి రాయండి. ఇనీషియల్ పెట్టొద్దు, పూర్తిగా విప్పి రాయండి. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్లో, పాస్‌పోర్టులో ఒకే వర్ణక్రమం ఉండాలి. ఇంకా చిన్నపిల్లలున్న ఇళ్ళలో అయితే బడివాళ్ళు పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా) పంపకముందే ఒకసారి వెళ్ళి పేరు సరిచూసుకోండి. సర్టిఫికెట్ వచ్చాక దిద్దించడం చాలా తిప్పల పని.